పెట్రోల్ కారును విద్యుత్ కారుగా మార్చుకొనుట: రాయవేలూరు, గుడియాత్తం వాసులు తెలుసుకోవలసిన విషయాలు

పెట్రోల్ కారులోని ఇంజనును తొలగించి, దాని స్థానంలో విద్యుత్ మోటారును, బ్యాటరీలను అమర్చే ప్రక్రియకు రెట్రోఫిట్ అని పేరు. రాయవేలూరు, గుడియాత్తం, చిత్తూరు పరిసరాలలో ఇప్పటికీ తిరుగుతున్న మారుతి 800, ఆల్టో వంటి చిన్న కార్ల యజమానులలో పలువురికి ఈ ఆలోచన కలుగుతున్నది. చేయి తిరిగిన మెకానిక్‌కు ఇందులోని యంత్రపు పని అసాధ్యమేమీ కాదు. అయితే ఇంటి వద్ద తయారైన కారు రోడ్డు మీద తిరగడానికి అర్హమా, ఆ బ్యాటరీ ఇంటిల్లిపాదికీ క్షేమమా అన్న రెండు ప్రశ్నలకు ముందుగా సమాధానం తెలుసుకొనడం అవసరం. ఆ వివరాలను ఈ వ్యాసంలో పొందుపరుస్తున్నాము.

పూర్వరంగం

1973 నాటి చమురు సంక్షోభం తరువాత అమెరికాలో పలువురు తమ పాత కార్లకు సీసపు బ్యాటరీలను అమర్చుకొన్నారు. ఫ్రాన్స్ ప్రభుత్వం 2020లో ఇటువంటి మార్పులకు ప్రత్యేక నిబంధనలు రూపొందించింది. మన పొరుగున ఉన్న బెంగళూరులో తయారైన రేవా కారు 2001లో విపణిలోకి వచ్చింది. అది 48 వోల్టుల సీసపు బ్యాటరీలతో నడిచేది.

తెలుగువారికి సంబంధించినంత వరకు చెప్పుకోదగినది హైదరాబాదుకు చెందిన ఈ-ట్రియో సంస్థ. పాత కార్లను విద్యుత్ కార్లుగా మార్చే కిట్‌కు పుణెలోని ఎ.ఆర్.ఎ.ఐ. నుండి 2018-19 ప్రాంతంలో ఈ సంస్థ ఆమోదం పొందింది. ఆల్టో, డిజైర్ కార్ల మీద తొలి ప్రయత్నాలు జరిగాయి. అటు పిమ్మట ఆ సంస్థ సరకు రవాణాకు ఉపయోగించే మూడు చక్రాల విద్యుత్ బండ్ల వైపు మళ్లింది. సొంత కార్ల మార్పిడి పెద్ద వ్యాపారంగా నిలదొక్కుకొనడం ఎంత కష్టమో దీనిని బట్టి ఊహించవచ్చు.

చట్టం ఏమి చెబుతున్నది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడానికి యజమానికి అధికారం లేదు. కేరళకు సంబంధించిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని దృఢపరచింది. అయితే బ్యాటరీ, సి.ఎన్.జి., ఎల్.పి.జి. వంటి వేరొక ఇంధనానికి మారడానికి అదే సెక్షన్ వెసులుబాటు కల్పిస్తున్నది. కేంద్ర ప్రభుత్వం నిర్దేశించిన ప్రమాణాలకు లోబడిన కిట్‌ను మాత్రమే వాడాలన్నది అందుకు షరతు. పూర్తి విద్యుత్ మార్పిడికి సంబంధించిన ప్రమాణం ఎ.ఐ.ఎస్. 123 మూడవ భాగంలో ఉన్నది.

దీని సారాంశం ఇది. ఆమోదం లభించేది కిట్ తయారు చేసిన సంస్థకే గాని విడి యజమానికి కాదు. ఆ ఆమోదం కూడా ఫలానా మోడల్ కారుకు అని ఉంటుంది. ఆల్టోకు ఆమోదం పొందిన కిట్‌ను ఓమ్నీకి అమర్చుకొంటే చెల్లదు. కిట్‌ను బిగించవలసినది ఆ సంస్థ అధికారం ఇచ్చిన కేంద్రమే. ఇటువంటి పరీక్షలు జరిపే సంస్థలలో ఎ.ఆర్.ఎ.ఐ.తో పాటు చెన్నై సమీపాన ఒరగడంలోని గ్లోబల్ ఆటోమోటివ్ రీసెర్చ్ సెంటర్ కూడా ఒకటి.

మార్పు జరిగిన 14 రోజులలోగా ఆర్.సి. పుస్తకంతో సహా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి, ఇంధనం అన్న చోట పెట్రోల్‌కు బదులు విద్యుత్ అని నమోదు చేయించుకోవాలి. సొంత కారుకు ఆకుపచ్చ పలక మీద తెల్లని అక్షరాల నంబరు ప్లేటు ఉండాలన్న నిబంధన 2018లో వచ్చింది. అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలుశిక్ష గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చునని 2019లో సవరించిన చట్టం చెబుతున్నది. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ పరిహారాన్ని నిరాకరించే అవకాశం కూడా ఉన్నది.

సరిహద్దు వాసులకు మరొక చిక్కు ఉన్నది. బంధువుల వద్ద కొన్న ఏపీ 03 కారును రాయవేలూరులో ఉంచుకొన్నవారు, ముందుగా నిరభ్యంతర పత్రం తెచ్చుకొని టీఎన్ 23 కిందకు మార్పించుకొన్న పిదపనే ఈ పనికి పూనుకొనడం మేలు. రెండు రాష్ట్రాల మధ్య నలుగుతున్న కాగితాలతో ఇంధన మార్పు నమోదు సులభంగా జరగదు.

కారులో ఏమేమి మారుతాయి?

ఇంజను, రేడియేటర్, సైలెన్సర్, పెట్రోల్ ట్యాంకు తొలగిపోతాయి. గేర్ బాక్స్ సాధారణంగా అలాగే ఉంటుంది. దానికీ మోటారుకూ నడుమ ఒక లోహపు పలకను, ఇరుసులను కలిపే కప్లింగ్‌ను బిగిస్తారు. ఈ రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా లేత్ మీద తయారు కావాలి. కేంద్రం తప్పితే బేరింగులు త్వరలోనే అరిగిపోతాయి.

తక్కిన ముఖ్య భాగాలు ఇవి:

కంట్రోలర్: యాక్సిలరేటర్ నొక్కిన మేరకు మోటారుకు విద్యుత్తును పంపుతుంది.
బి.ఎం.ఎస్.: ప్రతి సెల్ వోల్టేజిని, వేడిని గమనిస్తూ, హద్దు మీరితే బ్యాటరీని ఆపివేస్తుంది.
డి.సి. కన్వర్టర్: లైట్లు, హారన్, వైపర్లకు 12 వోల్టులు అందిస్తుంది.
కాంటాక్టర్, ఫ్యూజు, అత్యవసర స్విచ్: ప్రమాద సమయంలో బ్యాటరీని తక్కిన కారు నుండి విడదీస్తాయి.
వాక్యూమ్ పంపు: బ్రేక్ బూస్టర్ ఉన్న కార్లకు తప్పనిసరి. ఇంజను పోయినందున బూస్టర్‌కు కావలసిన పీడనభేదం ఈ పంపు నుండే రావాలి. ఇది లేకపోతే బ్రేకు పెడల్ బిగుసుకుపోతుంది.

పని పూర్తి అయిన తరువాత లారీ కాటా మీద ముందు చక్రాల బరువును, వెనుక చక్రాల బరువును విడివిడిగా తూయించాలి. బరువంతా వెనుకకు చేరితే మలుపులలోను, బ్రేకు వేసినప్పుడు కారు అదుపు తప్పవచ్చు.

ఎంత దూరం నడుస్తుంది?

3.2 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ 30 వరుసగా కలిపితే 96 వోల్టులు వస్తాయి. ఒక్కొక్క సెల్ సామర్థ్యం 100 ఆంపియర్-గంటలైతే మొత్తం నిల్వ 9.6 యూనిట్లు. అందులో 80 శాతం, అనగా సుమారు 7.7 యూనిట్లు వాడుకొనడం సెల్స్‌కు మంచిది. చిన్న కారుకు కిలోమీటరుకు 0.1 యూనిట్ చొప్పున లెక్కిస్తే 77 కిలోమీటర్లు వస్తుంది. రాయవేలూరు నుండి గుడియాత్తం వెళ్లి రావడానికి 60 కిలోమీటర్లకు పైగా అవుతుంది గనుక, ఈ బ్యాటరీ అందుకు సరిపోతుంది గాని మిగులు స్వల్పమే. సెల్స్ పాతబడిన కొద్దీ ఆ మిగులు కూడా తరుగుతుంది.

ఘాట్ రోడ్డు లెక్క వేరు. 1,000 కిలోల బరువును 100 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి 0.27 యూనిట్ ఖర్చవుతుంది. పేర్నంబట్టు నుండి వి.కోట వైపు గాని, పలమనేరు వైపు గాని వెళ్లేవారు 400 మీటర్లు ఎక్కవలసి వస్తే, నష్టాలతో కలిపి సుమారు 1.4 యూనిట్ అదనంగా పోతుంది. ఇది చదును రోడ్డు మీద 14 కిలోమీటర్లకు సమానం.

అగ్ని ప్రమాదం, ఛార్జింగ్

2022 మార్చి చివరి వారంలో రాయవేలూరు అల్లాపురంలో రాత్రివేళ ఇంటి వద్ద ఛార్జింగ్‌లో ఉన్న విద్యుత్ స్కూటర్ అంటుకొని, ఆ పొగకు ఊపిరాడక తండ్రి, కుమార్తె మరణించారు. ఆ సంవత్సరం దేశంలో ఇటువంటి ఘటనలు పలుచోట్ల జరగడంతో కేంద్ర ప్రభుత్వం బ్యాటరీ భద్రతా ప్రమాణాలైన ఎ.ఐ.ఎస్. 156, ఎ.ఐ.ఎస్. 038లను కఠినతరం చేసింది. అవి 2022 డిసెంబరు నుండి రెండు దశలుగా అమలులోకి వచ్చాయి. స్కూటర్ బ్యాటరీ సాధారణంగా రెండు మూడు యూనిట్లది. కారు బ్యాటరీ దానికి మూడు నాలుగు రెట్లు. ఏ పరీక్షా ఎదుర్కొనని బ్యాటరీ పెట్టెను ఇంటి గోడను ఆనుకొని రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచడమంటే ఏమిటో ఈ దుర్ఘటనను బట్టి గ్రహించవచ్చు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ తక్కిన లిథియం రకాల కంటే వేడికి ఎక్కువగా తట్టుకొంటాయి. అంతమాత్రాన అవి అంటుకోవని కాదు. పాత ల్యాప్‌టాప్‌ల నుండి, విరిగిన స్కూటర్ల నుండి తీసిన సెల్స్‌ను ఎన్నడూ కలిపి వాడరాదు. మన ప్రాంతపు ఎండలలో ప్రయాణించి వచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టక, బ్యాటరీ చల్లారే వరకు ఆగాలి. 60 వోల్టులకు మించిన డి.సి. విద్యుత్తు ప్రాణాంతకం కాగలదు గనుక, 96 వోల్టుల తీగలను శిక్షణ లేనివారు తాకరాదు.

ఛార్జింగ్ కొరకు మీటరు నుండి ప్రత్యేకమైన తీగ, ప్రత్యేకమైన ఎం.సి.బి., 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., నమ్మదగిన ఎర్త్ ఉండాలి. 10 ఆంపియర్ల ఛార్జర్ 2.3 కిలోవాట్లు తీసుకొంటుంది. పూర్తి ఛార్జింగ్‌కు సుమారు ఐదు గంటలు పడుతుంది. ఆ ఐదు గంటలు ఇంటిలోనివారు మేలుకొని ఉండే సమయమైతే మంచిది. గుడియాత్తం అగ్గిపెట్టెలకు, చేనేతకు పేరుపొందిన ఊరు. నూలు, గుడ్డ, అట్టలు, అగ్గిపెట్టెల సరకు నిల్వ ఉన్న చోటును గాని, ఇంటి నుండి వెలుపలికి వచ్చే ఏకైక దారిని గాని ఛార్జింగ్‌కు ఎంచుకోరాదు.

లాభమెంత?

పెట్రోల్ లీటరు 100 రూపాయలు, మైలేజి 18 కిలోమీటర్లు అనుకొంటే కిలోమీటరుకు సుమారు 5.50 రూపాయలు. విద్యుత్ యూనిట్ 8 రూపాయలు అనుకొంటే, ఛార్జర్ నష్టంతో కలిపి కిలోమీటరుకు ఒక రూపాయి. ఆదా 4.50 రూపాయలు. మార్పిడికి 3 లక్షలు వెచ్చించారనుకొందాం. ఆ సొమ్ము తిరిగి రావడానికి దాదాపు 66,700 కిలోమీటర్లు తిరగాలి. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగేవారికి ఏడేళ్లకు పైగా పడుతుంది. వారానికొకసారి బండి తీసేవారికి ఈ మార్పిడి వలన లాభం లేదు. తుప్పు పట్టిన బాడీ గల కారు అంతకాలం నిలువదు.

సొమ్ము వెచ్చించే ముందు

మొదట కారు అడుగుభాగాన్ని ఎత్తించి తుప్పును పరిశీలించాలి. ఎఫ్.సి., బీమా, ఆర్.సి. కాలపరిమితులను చూసుకోవాలి. తరువాత కిట్ విక్రేతను తమ కారు మోడల్ పేరు ఉన్న ఆమోద పత్రం నకలు అడగాలి. ఆ నకలుతో ఆర్.టి.ఓ. కార్యాలయానికి వెళ్లి, నమోదుకు అభ్యంతరం ఉండదని నిర్ధారించుకోవాలి. బీమా సంస్థకు ముందే వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇవన్నీ పూర్తి అయిన తరువాతనే బయానా ఇవ్వాలి. విక్రేత ఆమోద పత్రం చూపలేకపోతే, ఎంత చవకగా చెప్పినా ఆ కిట్‌ను తీసుకోరాదు.