చెట్టుకు కాయ భారమా? – తీవ్ర వైకల్యమున్న బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులపై లోకపు తీర్పు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: తీవ్ర వైకల్యంతో పుట్టిన బిడ్డను సాకలేక ఇతరుల చేతికి అప్పగించిన తల్లిదండ్రులను తెలుగు సమాజం ఏ ప్రమాణాలతో తూచిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చేర్యాల నకాషీ పటాలతో ప్రచారమైన మార్కండేయ కథ, లోకోక్తులు, 1860 నుండి నేటి వరకు వచ్చిన చట్టాలు, వీణా–వాణిల ఉదంతం ఇందులోని ఆధారాలు. చట్టం పరిత్యాగాన్నీ అప్పగింతనూ వేరుచేసినా లోకం ఆ భేదాన్ని ఇంకా గుర్తించలేదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చేర్యాల, నకాషీ పటం, వైకల్యం, పరిత్యాగం, అప్పగింత, బాలల న్యాయ చట్టం.

పటంకథలోని ఎంపిక

చేర్యాల 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండి, జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సిద్దిపేట జిల్లాలో చేరింది. ఈ ఊరి పేరు నకాషీ చిత్రకళ వల్ల దేశమంతా తెలుసు. ఖాదీ గుడ్డకు గంజి, చింతగింజల జిగురు, సుద్దమట్టి కలిపిన పూతలు వేసి, ఎర్రని నేపథ్యంపై కథను వరుస గళ్లలో చిత్రిస్తారు. ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కులపురాణం, దానిని పటం విప్పి గానం చేసే ఒక ఆశ్రిత కులం ఉండటం ఈ వ్యవస్థ లక్షణం. పద్మశాలీలకు కూనపులివారు చెప్పే మార్కండేయ, భావనారుషి కథలు ఈ కోవకు చెందినవే.

ప్రస్తుత చర్చకు మార్కండేయ కథలోని ఆరంభఘట్టం ముఖ్యం. సంతానం కోసం తపస్సు చేసిన మృకండు మహర్షికి, మరుద్వతికి శివుడు రెండు వరాలు చూపి ఒకటి కోరుకొమ్మంటాడు. పదహారేళ్లు మాత్రమే బ్రతికే గుణవంతుడు ఒకరు. చిరకాలం బ్రతికే మందబుద్ధి మరొకరు. రెండవ కొడుకును కొన్ని కథనాలు గుణహీనుడంటే, కొన్ని బుద్ధిహీనుడంటాయి. దంపతులు అల్పాయుష్కుడైన గుణవంతుణ్ణే కోరుకుంటారు. కథ ఈ ఎంపికను ఆక్షేపించకపోగా వివేకంగానే నిలుపుతుంది. కాదన్న ఆ రెండవ బిడ్డ కథలో పుట్టడు. అతనికి పేరు లేదు. పురాణాన్ని నేటి హక్కుల పరిభాషతో బోనులో నిలపడం ఇక్కడ ఉద్దేశం కాదు. పుట్టుకకు ముందు చేసిన నిరాకరణను లోకం వివేకంగా స్వీకరించింది. పుట్టిన తరువాత చేసిన నిరాకరణకు మాత్రం ఆ మన్నన ఏనాడూ దక్కలేదు. గమనించవలసినది ఈ వ్యత్యాసాన్ని.

నేటి చట్టంలోనూ దీని నీడ కనిపిస్తుంది. 2021లో సవరించిన వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం, పిండంలో తీవ్రమైన అసాధారణతలున్నాయని వైద్యమండలి నిర్ధారిస్తే గర్భస్రావానికి వారాల గరిష్ఠ పరిమితి వర్తించదు. ఆ నిర్ణయం తీసుకున్న దంపతులపై బంధువులకు కలిగేది సానుభూతి. అదే వైకల్యం కాన్పు తరువాత బయటపడి, ఆ దంపతులే బిడ్డను అధికారులకు అప్పగిస్తే వారికి వచ్చే పేరు వేరు.

తల్లి మోసే రెండు నిందలు

తెలుగులో చీలిన పెదవికి వాడుకలో ఉన్న పేరు ‘గ్రహణం మొర్రి’. గ్రహణ సమయంలో గర్భిణి కదలడం వల్లనే ఇది వస్తుందన్న నమ్మకం ఆ మాటలోనే ఉంది. వైకల్యానికి పేరు పెట్టడంతోనే తల్లిపై అభియోగమూ నమోదైందన్నమాట. ‘పూర్వజన్మ పాపం’ అన్న మాట తండ్రికీ వర్తించాలి. వాడుకలో అది ఎక్కువగా తల్లి వైపే తిరుగుతుంది. మహాభారతంలోని అష్టావక్రుని కథ ఇందుకు అపవాదం. గర్భంలోని శిశువు తన వేదపఠనంలో తప్పు చూపాడన్న కోపంతో కహోడుడు శపించగా ఎనిమిది వంకరలతో పుట్టినవాడు అష్టావక్రుడు. అక్కడ కారకుడు స్పష్టంగా తండ్రి. ఆ కథ ఇంటింటా తెలిసినదే అయినా, వైకల్యం తండ్రి వల్ల వచ్చిందనే లోకోక్తి దాని నుండి పుట్టలేదు.

కన్నందుకు మోపిన ఈ మొదటి నిందకు, పెంచలేనందుకు రెండవది తోడవుతుంది. ‘కాకిపిల్ల కాకికి ముద్దు’, ‘చెట్టుకు కాయ భారమా’ అనే సామెతలు మాతృప్రేమను కీర్తించేవిగా పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయి. నిజానికి అవి తీర్పులు కూడా. భారమని చెప్పే హక్కు చెట్టుకు లేదని వాటి అర్థం. మెడ నిలపని, మింగలేని, రాత్రంతా మూర్ఛలతో మెలకువగా ఉండే పదేళ్ల బిడ్డను ఎత్తి దించే మనిషికి అది శరీరంతో తెలిసే భారం. సామెతలో ఆ అనుభవానికి చోటు లేదు. వార్తాపత్రికలు తరచుగా వాడే ‘కసాయి తల్లి’ అన్న శీర్షికాపదం ఈ సామెతకే మరో ముఖం. ‘కసాయి తండ్రి’ అన్నది సాధారణంగా హింసకు సంబంధించిన వార్తలో వస్తుంది. విడిచిపెట్టిన వార్తలో తండ్రి తరచు ‘పరారీలో’ ఉంటాడు.

శిక్షాస్మృతి నుండి అప్పగింత పత్రం వరకు

1860 నాటి భారత శిక్షాస్మృతి 317వ సెక్షన్, పన్నెండేళ్లలోపు బిడ్డను పూర్తిగా వదలుకొనే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిన తల్లి లేదా తండ్రికి ఏడేళ్ల వరకు ఖైదు విధించింది. నిజాం రాజ్యంలో భాగమైన చేర్యాల ప్రాంతానికి ఈ స్మృతి 1951లో వర్తించింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే నేరం 93వ సెక్షన్‌గా కొనసాగుతున్నది. ఈ నిబంధన చూసేది విడిచిన చర్యను, దాని వెనుక ఉద్దేశాన్ని. కారణానికి అందులో చోటు లేదు.

2015 నాటి బాలల న్యాయ చట్టం భిన్నమైన దారి తీసింది. దాని 35వ సెక్షన్ ప్రకారం, తమ అదుపులో లేని శారీరక, మానసిక, సామాజిక కారణాల వల్ల బిడ్డను అప్పగించదలచిన తల్లిదండ్రులు బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుకావచ్చు. విచారణ, కౌన్సెలింగ్ తరువాత అప్పగింత పత్రం రాసుకుంటారు. మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. 75వ సెక్షన్ మరో అడుగు ముందుకు వేసింది. పిల్లలపై క్రూరత్వాన్ని శిక్షించే ఆ సెక్షన్‌లోనే, కన్నవారు తమ చేతుల్లో లేని పరిస్థితుల వల్ల విడిచిపెట్టారని తేలితే దానిని ఉద్దేశపూర్వకం కాదని భావించాలన్న మినహాయింపు ఉంది. లోకం కంటే శాసనం దయగా మాట్లాడిన అరుదైన సందర్భం ఇది.

అయితే అప్పగింత కోసం సమితి ఎదుటికి రావడమంటే ముఖం చూపి, పేరు చెప్పి, సంతకం పెట్టడం. బస్టాండులోనో ఆసుపత్రి వరండాలోనో విడిచిపోతే ఎవరికీ తెలియదు. నింద ఎంత తీవ్రమైతే, చట్టబద్ధమైన దారి అంత నిర్జనమవుతుంది. బిడ్డ ప్రాణానికి ముప్పు తెచ్చేది రహస్యంగా విడవడమే కనుక, లోకపు తీర్పు తాను రక్షిస్తున్నాననుకొన్న బిడ్డకే హాని చేస్తున్నది.

వీణా–వాణి: ఆసుపత్రిలో గడిచిన బాల్యం

2003 అక్టోబరులో, చేర్యాల కూడా అప్పుడు భాగమైన వరంగల్ జిల్లాకు చెందిన ఒక నిరుపేద కుటుంబంలో, తలలు అతుక్కుని కవలలు పుట్టారు. మొదట గుంటూరులో వైద్యుల సంరక్షణలో ఉండి, 2006లో హైదరాబాదులోని నిలోఫర్ ఆసుపత్రికి చేరారు. దేశవిదేశాల వైద్యులు పరీక్షించినా, ప్రాణాపాయం దృష్ట్యా విడదీసే శస్త్రచికిత్స జరగలేదు. పదేళ్లకు పైగా ఆసుపత్రి గదే వారి ఇల్లయింది. 2017 జనవరిలో వారిని యూసుఫ్‌గూడలోని స్టేట్ హోమ్‌కు తరలించారు. 2020లో పదవ తరగతి, 2022లో ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులయ్యారు.

తల్లిదండ్రులు సంబంధం తెంచుకోలేదు. వచ్చి చూసి వెళ్లేవారు. ఇంటికి తీసుకువెళ్లి సాకే శక్తి మాత్రం తమకు లేదని బహిరంగంగానే చెప్పారు. ఈ ఉదంతంలో పరిత్యాగం అన్న మాట వాడటం సరికాదు. సంరక్షణ భారం ప్రభుత్వానికి మారింది, బంధం మారలేదు. చర్చ ఏళ్ల తరబడి ‘ఎప్పుడు విడదీస్తారు’ అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. ఇద్దరు పిల్లలు, వారి పక్కన నిరంతరం ఒక మనిషి, దగ్గరలో వైద్యం – ఇవన్నీ ఒక పల్లెటూరి ఇంట సమకూరాలంటే ఏమి కావాలన్న ప్రశ్న దాని వెనుక మరుగున పడింది. శస్త్రచికిత్స జరిగితే తప్ప ఆ కుటుంబ సమస్యకు పరిష్కారం లేదన్నట్లు అందరం ఊహించుకోవడం కూడా ఒక రకమైన తీర్పే.

ఇంకో దేశంలో ఇదే పని వేరే పేరుతో నడిచింది. నోబెల్ పురస్కారం పొందిన పెర్ల్ బక్, తీవ్ర మేధోవైకల్యమున్న కూతుర్ని 1929లో అమెరికాలోని వైన్‌లాండ్ శిక్షణాలయంలో చేర్పించి, ఖర్చు భరించి, 1950లో ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసింది. లోకం ఆమెను మెచ్చుకొంది. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన కొడుకును సంస్థలో ఉంచి తన ఆత్మకథలో ప్రస్తావించని నాటకకర్త ఆర్థర్ మిల్లర్ మీద, ఆ సంగతి 2007లో వెల్లడైనప్పుడు, మరణానంతరం విమర్శ కురిసింది. ఇద్దరూ చేసింది దాదాపు ఒకటే. లోకం తూచింది చెప్పడాన్నీ దాచడాన్నీ. ఇద్దరికీ సంస్థను ఎంచుకొనే స్తోమత ఉంది. స్తోమత ఉన్నవారు చేరిస్తే ‘ప్రత్యేక పాఠశాల’, లేనివారు చేరిస్తే ‘వదిలేయడం’ – ఈ పదభేదం మన దగ్గరా చెల్లుబాటవుతున్నది.

బాధ్యతల వరుస

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 9వ సెక్షన్, వైకల్యం కారణంగా బిడ్డను కన్నవారి నుండి వేరుచేయరాదని, బిడ్డ మేలు కోసం అవసరమైతే న్యాయస్థానం ఆదేశించాలని చెప్తుంది. కన్నవారు చూసుకోలేనప్పుడు దగ్గరి బంధువులు, వారు లేకుంటే సమాజంలో కుటుంబ వాతావరణం, అసాధారణ సందర్భాల్లో మాత్రమే ఆశ్రమం – ఇదీ చట్టం చెప్పిన వరుస. లోకపు తీర్పు ఈ వరుసలో మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. మేనమామను, పెదనాన్నను, కులసంఘాన్ని, గ్రామపంచాయతీని ఎవరూ నిలదీయరు. పటంకథకు సంభావన ఇచ్చే బాధ్యతను ఊరిలోని కులమంతా పంచుకొన్న ప్రాంతంలో, ఇటువంటి బిడ్డ మాత్రం ఒక్క ఇంటికే చెందడం ఆలోచించదగినది.

తెలంగాణలో ఆసరా పథకం కింద దివ్యాంగుల పింఛను 2014లో నెలకు 1,500 రూపాయలతో మొదలై, 2019లో 3,016కు, 2023లో 4,016కు పెరిగింది. అది బిడ్డ పేర వచ్చే మొత్తం. బిడ్డ దగ్గరే ఉండిపోయి కూలి పోగొట్టుకొన్న తల్లి లెక్క అందులో లేదు. అధిక సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భృతి ఇచ్చే పథకాలు ఉండాలని అదే 2016 చట్టం 24వ సెక్షన్ చెప్తున్నది. బిడ్డను విడిచిన తల్లి గురించిన వార్తల్లో ఆ సెక్షన్ ప్రస్తావన కనిపించడం అరుదు; ఆమె ఊరు, వయస్సు, కులం మాత్రం తప్పకుండా ఉంటాయి.