నొప్పి ఆగిన రాత్రి

నిజాంసాగర్ కాలువ కింద నాట్లు జోరుగా సాగుతున్న రోజులవి. కింది దవడ పన్ను సలుపుతుంటే ఆమె లవంగం నొక్కిపెట్టి, ఊళ్లో ఆరెంపీ ఇచ్చిన గోలీలు మింగి పొలానికి పోయేది. పేరెందుకు, ఈ కథ చాలా ఇళ్లది. పడుకుంటే పోటు, చల్లనీళ్లు తాగితే ప్రాణం జివ్వుమనేది. ఒక రాత్రి ఆ నొప్పి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"చూసినవా, తగ్గింది. దవాఖానా వద్దు, ఏం వద్దు" అంది పెనిమిటితో.

తగ్గలేదు. పంటి నడుమ నరమూ రక్తనాళాలూ ఉండే మెత్తటి కండ చచ్చిపోయింది. సూక్ష్మజీవులు మాత్రం వేరు కొసదాకా దిగి, దవడ ఎముకలోకి దారి చేసుకుంటున్నాయి. పంటి జబ్బులో నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఈ ఉపశమనమే.

కొన్ని వారాలకు దవడ వాచింది. కోడలు పట్టుబట్టి కామారెడ్డి తీసుకుపోయింది.

"పీకెయ్యమ్మా, పీడ పోతది."

డాక్టరమ్మ ఎక్స్‌రే చూపింది. వేరు కొసన నల్లటి మచ్చ. "ఇక్కడ ఎముక కరిగింది. పన్ను గట్టిగనే ఉంది, కాపాడొచ్చు."

"గోలీలు రాస్తే సాలదా?" అంది కోడలు.

"పన్ను లోపల రక్తం పారుడు ఆగిపోయిందమ్మా. కాలువ ఎండితే కొసన మడికి నీళ్లు పోతయా? మందు కూడ అంతే."

"నరం తీస్తే కండ్లు పోతయంటరు..."

"కంటి నరం వేరే, పంటి నరం వేరే అమ్మా."

పన్ను పీకకుండా కాపాడే వైద్యానికి ఆధారమైన ప్రయోగాల్లో 1965 నాటిది నాకు చాలా ఇష్టం. అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ ఎలుకల పళ్లను లోపలి కండ బయటపడేదాకా తొలిచారు. మామూలు ఎలుకల్లో కండ చచ్చి చీము పట్టింది. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో, పంటి రంధ్రంలో తిండి ఇరుక్కున్నా గాయం మానింది, పైన కొత్త పొర కట్టింది. సూక్ష్మజీవిని తరిమి, మళ్లీ రాకుండా మూసేయడమే రూట్ కెనాల్.

ఆమెకు ముందు చీము పోయే దారి చేశారు. తర్వాత మత్తు సూది, పంటి చుట్టూ రబ్బరు పొర. కింది దవడ పన్నుకు సాధారణంగా రెండు వేర్లు, మూడు నాళాలు ఉంటాయి. 1838లో ఎడ్వర్డ్ మేనార్డ్ గడియారం స్ప్రింగును అరగదీసి నాళాలను శుభ్రం చేసేందుకో పనిముట్టు చేశాడు. ఇప్పుడు వెంట్రుకలాంటి సన్నటి ఫైళ్లున్నాయి. వాటితో నాళాలను గీకి, సోడియం హైపోక్లోరైట్‌తో కడిగి, గట్టాపర్చా నింపారు. అది మలయా ప్రాంతపు చెట్టు పాల నుంచి వచ్చే పదార్థం.

"ఇగ అయిపోయినట్టేనా?"

"క్యాప్ ఉంది. లేకుంటే నమిలేటప్పుడు పన్ను పగులుతది."

"నాట్లయినంక వస్తా."

"వద్దమ్మా, వచ్చే వారమే రా. ఈ లోపల దవడ కింద వాచి మింగుడు కష్టమైనా, ఊపిరాడకున్నా, రాత్రనక పెద్ద దవాఖానాకు పో. అది ప్రాణం మీదికి తెస్తది."

కోడలు ఆ మాటలు రెండుసార్లు చెప్పించుకుని, క్యాప్‌కు ఎంతవుతుందో అడిగింది.