ప్రతిజ్ఞ ముందు, పాఠం తర్వాత

సికింద్రాబాద్ తిరుమలగిరి బడుల్లో పొద్దున ప్రార్థనకు వరసకట్టిన పిల్లలు కుడిచెయ్యి చాచి చెప్పే ప్రతిజ్ఞ మన తెలుగువాడిదే. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉండగా, 1962లో తెలుగులోనే రాశారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా చెప్పిస్తున్నారు. అందులో పెద్దలపట్ల గౌరవం ఉంది, జంతువులపట్ల దయ ఉంది. చెప్పే పిల్లకు ఈ దేశం ఏం బాకీ ఉందో మాత్రం లేదు. అది సుబ్బారావు లోపం కాదు, అప్పటి బడి తీరే అంత.

1976లో 42వ సవరణ 51ఎ అధికరణంగా పది ప్రాథమిక విధులను రాజ్యాంగంలో చేర్చింది. ఎమర్జెన్సీలో, హక్కుల కోసం కోర్టు గడప ఎక్కడమే కష్టమైన రోజుల్లో! విధుల జాబితా బట్టీపట్టించే మాస్టర్లలో ఈ సందర్భం చెప్పేవాళ్లు తక్కువే.

హక్కుల చదువు ఇక్కడ పాఠ్యపుస్తకం కంటే ముందు పొలాల దగ్గర మొదలైంది. సికింద్రాబాద్ కేంద్రంగా నడిచే మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో, 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లల్ని బడి బాట పట్టించింది. పశువులు కాసే పన్నెండేళ్లవాడిని ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో మర్నాడే మానేస్తాడు. అందుకే ముందు బ్రిడ్జి కోర్సు శిబిరంలో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చేవారు. బడికి రాని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్నది వాళ్ల వాదం. పేదవాళ్ల పిల్లలు పని చెయ్యక తప్పదన్న పెద్దమనుషుల మాటకు అంతకన్నా గట్టి జవాబు నాకు కనబడలేదు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది.

2002 నాటి 86వ సవరణలో హక్కూ బాధ్యతా జంటగా వచ్చాయి. 21ఎ పిల్లలకు చదువు హక్కు ఇచ్చింది, 51ఎలో చేరిన పదకొండో విధి ఆ పిల్లల్ని చదివించే బాధ్యత తల్లిదండ్రులపై పెట్టింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది.

తిరుమలగిరిలో మాత్రం పౌరహక్కుల పాఠానికి ఓ చిక్కుంది. ఇది కంటోన్మెంట్. స్థానిక పాలన అనగానే పుస్తకం పంచాయతీ, మున్సిపాలిటీ అంటుంది, ఇక్కడి బోర్డు రక్షణ శాఖ కింద నడుస్తుంది, అధ్యక్షుడు సైనికాధికారి. బోర్డుకు 2015 జనవరిలో ఎన్నికలు జరిగాయి. గెలిచినవాళ్ల గడువు 2021 ఫిబ్రవరిలో తీరింది. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటించి, తేదీ రాకముందే రద్దు చేశారు.