కావడి బరువు తెలిసిన సినిమా

జపాన్ సినిమా అనగానే మీలో చాలామందికి అకిర కురొసావా, ఆయన కత్తివీరులు గుర్తుకు వస్తారు. మన దేశంలో ఆ తలుపు తెరిచింది కూడా ఆయన చిత్రమే. 1952 నాటి తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో 'రషోమాన్'ను ప్రదర్శించారు. 1959లో సత్యజిత్ రాయ్ అధ్యక్షుడిగా ఫిల్మ్ సొసైటీల సమాఖ్య ఏర్పడ్డాక, మామూలు థియేటర్లకు రాని విదేశీ చిత్రాలు మహానగరాల బయటి ప్రేక్షకులకూ అందసాగాయి. మన జంషెడ్‌పూర్‌లోని సెల్యులాయిడ్ చాప్టర్ ఆ కోవలోని సొసైటీయే.

ఇప్పుడు మీకు పరిచయం చేసే చిత్రంలో కత్తులు లేవు. మాటలు కూడా దాదాపు లేవు. అది కనేతో షిందో 1960లో తీసిన 'హదకా నో షిమా', అంటే 'నగ్న ద్వీపం'. షిందో హిరోషిమా ప్రాంతంవాడు, 1912లో పుట్టాడు. (మన ఊళ్ళో తొలి ఉక్కు తయారైన ఏడాదీ అదే.) అప్పటికి ఆయన సొంత సంస్థ మూతపడే స్థితిలో ఉంది. సుమారు 50 లక్షల యెన్ల ఖర్చుతో, 13 మంది బృందంతో ఒక చిన్న దీవి మీద ఈ సినిమా తీశాడు.

ఆ దీవిలో మంచినీళ్ళు లేవు. భార్యాభర్తలు తెల్లవారకముందే పడవలో పక్క దీవికి వెళ్ళి, చెక్క బకెట్లు నింపుకుని, కావడి భుజాన వేసుకుని నిట్టనిలువు దారిలో గట్టెక్కుతారు. మొక్క మొక్కకూ ముంతతో పోస్తారు. ఎండిన నేల ఆ నీటిని క్షణంలో పీల్చేస్తుంది. మళ్ళీ పడవ. శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు కర్మాగారం పనికి వచ్చిన మీ తాతలకు కావడి కొత్తది కాదు. తెరమీద కావడిబద్ద వంగే తీరు చూడండి, ఖాళీ బకెట్లకు అది అలా వంగదు.

సైన్సు చెప్పేవాణ్ణి కాబట్టి నా దృష్టి ముందు బరువు మీదికే పోయింది. 30 కిలోల నీటిని 30 మీటర్ల ఎత్తుకు చేర్చారనుకుందాం. సూత్రం ప్రకారం జరిగిన పని సుమారు 9,000 జౌళ్ళు, అంటే దాదాపు 2 కిలోకేలరీలు. చెంచాడు పంచదారలో ఇంతకు ఎన్నో రెట్లు శక్తి ఉంటుంది! మరి ఆ మనిషి ఎందుకంత అలిసిపోయింది? బరువును కదలకుండా పట్టి ఉంచినా కండరాలు శక్తిని ఖర్చు చేస్తూనే ఉంటాయి. నీరు తొణకకుండా ప్రతి అడుగూ ఆచితూచి వేయాలి, సొంత ఒంటినీ పైకి మోసుకెళ్ళాలి. ఇవేవీ ఆ సూత్రంలో లేవు. షిందో వాటిని కాలంతో కొలిచాడు. ఎక్కడాన్ని కత్తిరించకుండా, మనకు విసుగొచ్చేంతసేపు చూపించాడు. వాస్తవికత అంటే నాకు ఇదే. మన ఊళ్ళో ఉక్కును టన్నుల్లో లెక్కపెడతాం. కట్టడాల దగ్గర ఇటుకలు మోసే రేజాల శ్రమకు అలాంటి లెక్క ఏదీ లేదు.

ఒకసారి ఆమె కాలు జారి నీళ్ళు ఒలికిపోతాయి. భర్త చెంప మీద కొడతాడు. నాకు నచ్చని దృశ్యమే, కానీ నీటి విలువను అంతకన్నా కటువుగా ఎవరూ చెప్పలేదు.

1961లో మాస్కో చలనచిత్రోత్సవంలో దీనికి అగ్ర బహుమతి దక్కింది, మరో చిత్రంతో కలిసి. ఎన్నో దేశాలు కొన్నాయి, షిందో సంస్థ నిలబడింది.

చివరి ఘట్టాన్ని శ్రద్ధగా చూడండి. పెద్ద కొడుకు జబ్బుచేసి చనిపోతాడు. వైద్యుడు దీవి చేరేసరికే ఆలస్యమైపోయింది. అంత్యక్రియలయ్యాక మళ్ళీ నీళ్ళు మోస్తున్న తల్లి ఒక్కసారిగా బకెట్ బోర్లించి, మొక్కలు పీకి పారేసి, నేలమీద పడి ఏడుస్తుంది. భర్త ఈసారి చెయ్యి ఎత్తడు, మౌనంగా చూసి మళ్ళీ నీళ్ళు పోయడం మొదలుపెడతాడు. కాసేపటికి ఆమె కూడా లేచి ముంత అందుకుంటుంది.