శివతాండవంలో గతి, ప్రాస, పునరుక్తి: పెనుకొండ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

పుట్టపర్తి నారాయణాచార్యుల ‘శివతాండవం’ ఛందోబంధాలను వదలిన నాదమయ గేయమన్న ప్రశంస తరచు వినిపిస్తుంది. ఆ గేయం రగడ లక్షణాలను నిష్ఠగా పాటించిందని, అందులోని పునరుక్తి అలంకారమాత్రం కాక వాక్యాన్ని పూర్తిచేసే అంగమని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: పుట్టపర్తి, పెనుకొండ, రగడ, ప్రాసయతి, పునరుక్తి

1. ఉపోద్ఘాతం

రాయలసీమ సాహిత్య చరిత్ర రచన ప్రధానంగా కవుల జీవిత విశేషాల సేకరణతో మొదలైంది. హిందూపురం కేంద్రంగా కల్లూరు అహోబలరావు వెలువరించిన ‘రాయలసీమ రచయితల చరిత్ర’ సంపుటాలు ఆ కృషికి నిదర్శనం. వాటి విలువ ఎనలేనిది. అయితే కవి జీవితానికి దక్కినంత చోటు కవితా నిర్మాణానికి దక్కలేదు. అందువల్ల తరగతి గదిలో ‘శివతాండవం’ వినిపించే రచనగా మిగిలింది. గణవిభజన చేసి చూపే రచన కాలేకపోయింది.

2. పెనుకొండ నేపథ్యం

1565 నాటి తళ్ళికోట యుద్ధానంతరం విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. తరువాతి కాలంలో అక్కడ మిగిలిన కోట, గగనమహలు పుట్టపర్తి బాల్యానికి పరిసరాలయ్యాయి. 1914లో అనంతపురం సమీపంలోని చియ్యేడులో జన్మించిన ఆయన పెనుకొండలో పెరిగి, బాల్యదశలోనే ‘పెనుకొండ లక్ష్మి’ పద్యకావ్యం రచించారు. విద్వాన్ పరీక్షలో ఆ కావ్యమే ఆయనకు పాఠ్యగ్రంథమైన ఉదంతం ప్రసిద్ధం. పెనుకొండలోనే ఆయన భరతనాట్యం అభ్యసించారు. పద్యం గణాలను నేర్పితే, నాట్యం కాలప్రమాణాన్ని నేర్పింది. హిందూపురం సమీపాన లేపాక్షి నాట్యమండపంలో రంభ నర్తనం, వాద్యకారులైన దేవతలు శిలారూపంలో నిలిచి ఉన్నారు. దానిని గేయానికి ప్రత్యక్ష ప్రేరణగా చెప్పడం సాహసమే అవుతుంది. అయినా నృత్యం ఈ ప్రాంతానికి పరాయి విద్య కాదనడానికి ఆ మండపం చాలు.

3. గతి

‘శివతాండవం’ ప్రొద్దుటూరు నివాసకాలపు రచన. దీని ఆరంభ పాదాలు ఎనిమిదేసి మాత్రల రెండు ఖండాలుగా విడిపోతాయి. చతుర్మాత్రా గణాలు నాలుగు, మొత్తం 16 మాత్రలు. ఇది మధురగతి రగడ కొలత. తాండవ వర్ణన మొదలుకాగానే నడక మారుతుంది. అక్కడ పాదానికి పంచమాత్రా గణాలు నాలుగు, మొత్తం 20 మాత్రలు. ఇది ద్విరదగతి రగడ కొలత. ఒకచోట అచ్చతెలుగు మాటలోని రేఫ సంయోగానికి ముందున్న అక్షరాన్ని ఊదక తేల్చి పలికితే లెక్క సరిపోతుంది. లాక్షణికులు అంగీకరించిన వెసులుబాటే ఇది.

గురజాడ 1910లో ‘ముత్యాల సరాలు’తో మిశ్రగతిని ఆధునిక కవితకు అలవాటు చేశారు. పుట్టపర్తి ఎంచుకున్న మార్గం వేరు. పాల్కురికి సోమనాథుని ‘బసవ రగడ’ నాటికే నిలదొక్కుకున్న దేశి మార్గమది. అప్పకవి యక్షగానాల తాళరచనలను రగడ భేదాలుగా గుర్తించాడు. కాబట్టి రగడ మొదటినుంచీ పాటకు, ఆటకు దగ్గరి ఛందస్సు. తాండవానికి ఆ నడకను ఎంచుకోవడంలో ఔచిత్యం ఉంది.

4. యతిప్రాసలు

ఆరంభ పాదంలో రెండు ఖండాల రెండవ అక్షరాలు ఒకే హల్లుతో కుదిరి ప్రాసయతి ఏర్పడుతుంది. తాండవ వర్ణనలోని తొలి పాదాల్లో మూడవ గణం మొదట కొన్నిచోట్ల ప్రాసయతి, కొన్నిచోట్ల అక్షరయతి కనిపిస్తాయి. పాదాల జంటకు ఆదిప్రాస, చివర అంత్యప్రాస ఉన్నాయి. ఇవన్నీ రగడ లక్షణాలే. ఇక్కడ కవి ఛందస్సును వదలలేదు. వృత్తాన్ని మాత్రమే వదిలారు. ఈ భేదాన్ని విద్యార్థికి స్పష్టం చేయడం అవసరం.

5. పునరుక్తి

ఆలంకారికులు పునరుక్తిని దోషాల్లో చేర్చారు. ఈ గేయంలో అది మూడు పనులు చేస్తుంది.

మొదటిది వ్యాకరణసంబంధి. వర్ణన పాదాలు ‘ఆడ’, ‘నటియింప’ వంటి అసమాపక రూపాలతో ముగుస్తాయి. తల మీది గంగ, నెలవంక, ముంగురులు ఒక్కొక్కటే కదులుతున్నా వాక్యం ముగియదు. శివుడు ఆడాడని చెప్పే పల్లవి వచ్చినప్పుడే సమాపక క్రియ లభిస్తుంది. శ్రోత పల్లవికోసం ఎదురుచూడడానికి రాగం ఒక్కటే కారణం కాదు. అసంపూర్ణ వాక్యం కూడా కారణమే.

రెండవది లయసంబంధి. పల్లవి పది మాత్రల రెండు సమభాగాలు. ఒకదానిలో ఆట, మరొకదానిలో పాట. రెండింటిలోనూ గణవిరామం ‘అమ్మా’ అన్న మాటలోని ద్విత్వం మధ్య పడుతుంది. ఆ నొక్కు పాదఘాతంలా వినిపిస్తుంది.

మూడవది కథనసంబంధి. ఆరంభంలో తాండవ, లాస్యాల పేర్ల చివర ‘అట’ ఆవృత్తమవుతుంది. ‘అట’ విన్నవార్తను సూచించే మాట. నృత్యాన్ని కవి మొదట కంటితో చూపక, లోకం నోట వ్యాపిస్తున్న వార్తగా వినిపిస్తారు. తరువాతి పల్లవిలో ‘అట’ ఉండదు. విన్నది కన్నదిగా మారిందని ఆ మార్పు తెలుపుతుంది.

6. ముగింపు

‘శివతాండవం’ శక్తికి భక్త్యావేశమో గానమాధుర్యమో మాత్రమే కారణమనుకుంటే, కవి గాత్రం ఆగిన 1990 తరువాత ఆ శక్తి క్షీణించి ఉండాలి. అచ్చుప్రతిని మౌనంగా చదివినా గతి అందుతున్నదంటే, అది గణాల్లో, ప్రాసల్లో, వాక్యనిర్మాణంలో నిక్షిప్తమై ఉన్నందువల్లనే. ఈ గేయాన్ని బోధించేటప్పుడు ముందు మాత్రలు లెక్కించి, తరువాత ఆలపించడం సమంజసం. పెనుకొండలో అబ్బిన పద్యవిద్య, నాట్యవిద్య రెండూ ఆ లెక్కలోనే కలిసి కనిపిస్తాయి.