ఓపిక తగ్గిందని తేల్చేదెలా?

1935లో లండన్ వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో డాక్టర్ మార్జరీ వారెన్‌కు పాత వర్క్‌హౌస్ (నిరుపేదల ఆశ్రయం) వార్డులు అప్పగించారు. నయంకాని కేసులని వదిలేసిన ముసలివాళ్లే అక్కడ ఎక్కువ. ఆమె ఒక్కొక్కరినీ పరీక్షించి, లేపి నడిపించి, చాలామందిని ఇంటికి పంపారు. ముసలితనం వేరు, జబ్బు వేరు అన్నది అలా రుజువైంది. ఈ రెండింటికీ నడుమ ఉండే స్థితికి, అంటే చిన్న జ్వరానికో పడిపోవడానికో తిరిగి కోలుకోలేనంతగా ఓపిక సన్నగిల్లడానికి (ఇంగ్లిష్‌లో ఫ్రెయిల్టీ), చాలాకాలం నిర్వచనం లేదు. 1970లలో అమెరికా ఫెడరల్ కౌన్సిల్ ఆన్ ఏజింగ్ ‘ఫ్రెయిల్’ వృద్ధుల గురించి మాట్లాడింది గానీ, అక్కడి ప్రశ్న వైద్యానిది కాదు, సర్కారు సాయం ఎవరికి అందాలన్నది.

2001లో ఒకటికి రెండు నిర్వచనాలు వచ్చాయి. పరిశోధకురాలు లిండా ఫ్రీడ్ బృందం ఐదు లక్షణాలు చెప్పింది: అనుకోకుండా బరువు తగ్గడం, అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గడం. మూడు కనిపిస్తే ఫ్రెయిల్టీ, ఒకటి రెండైతే దాని ముందు దశ. 173 సెంటీమీటర్లు మించని మగవాడు 15 అడుగులు నడవడానికి 7 సెకన్లు గానీ అంతకు మించి గానీ తీసుకుంటే నడక మందగించినట్టే. కొలత ఖచ్చితమే, కానీ మతిమరుపుకు అందులో చోటు లేదు.

కెనడాలో పరిశోధకులు మిట్నిట్‌స్కీ, రాక్‌వుడ్ లెక్క వేరు. జబ్బులు, లోపాలు, చేతకాని పనులు అన్నీ కూడారు. 40 అంశాల్లో 10 ఉంటే స్కోరు 0.25. ఏ లోపమన్నది కాదు, ఎన్ని అన్నదే ముఖ్యం. నాకు ఇదే వాస్తవానికి దగ్గరగా తోస్తుంది. ముసలి ఒంట్లో తిప్పలు ఒంటరిగా రావు. అయితే రద్దీ ఓపీలో ఇంత జాబితా నింపేదెవరు? అందుకే 2005లో రాక్‌వుడ్ బృందం, డాక్టరు చూసి అంచనా వేసే 7 మెట్ల స్కేలు తెచ్చింది. తర్వాత అది 9 మెట్లయింది.

ఆ సులువే 2020 మార్చిలో చిక్కు తెచ్చింది. కోవిడ్ రోగుల్లో ఐసీయూ ఎవరికన్న నిర్ణయంలో ఈ స్కేలు వాడమని బ్రిటన్ వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్ సూచించింది. వికలాంగుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 65 ఏళ్లలోపు వారికీ, స్థిరమైన వైకల్యం ఉన్నవారికీ ఇది వాడొద్దని రోజుల్లోనే సవరించారు.

ఒకే నిర్వచనంపై ఏకాభిప్రాయం ఇంకా లేదు. 2013లో నిపుణులు ఒప్పుకున్నది మాత్రం ఇంట్లో పనికొస్తుంది: 70 దాటినవారందరికీ పరీక్ష చేయాలి, వ్యాయామం, ప్రోటీన్‌తో సరిపడా తిండి, విటమిన్ డి, అనవసరపు మందులు తగ్గించడం మేలు చేయగలవు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఓపిక లేదంటే వయసు మీద నెట్టేయకండి. వాళ్లు వేసుకునే మాత్రలన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.