మాయాబజార్ రంగు సంగతి సరే, పాట ఏది?

2025 అక్టోబర్ 31న 'బాహుబలి ది ఎపిక్' వచ్చినప్పుడు మా టీం అంతా కట్టగట్టుకుని వెళ్ళాం. రెండు భాగాలూ కలిపి, కోసి, సుమారు మూడు గంటల నలభై ఐదు నిమిషాలకి కుదించారు. అవంతిక ప్రేమకథ చాలావరకు ఎగిరిపోయింది. బయటికొచ్చాక కొత్తపేటలో చాయ్ దగ్గర గంటసేపు కొట్టుకున్నాం. 'తీసినోడే కోసుకున్నాడు, నీకేం నొప్పి?' అని ఒకడు. '2015లో నేను డబ్బులిచ్చి చూసిన సినిమా ఇది కాదు' అని ఇంకొకడు. నేను మధ్యలో 'మాయాబజార్' గురించి ఎత్తాను. ఒక్కడూ వినలేదు. సరే, మీరైనా వినండి :)

కె.వి.రెడ్డి గారి 'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. యాభై ఏళ్ళ తర్వాత, 2007 చివర్లో, మన హైదరాబాద్ కంపెనీ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ దీంతో కలిపి 14 పాత తెలుగు సినిమాల హక్కులు కొనుక్కుంది. అన్నిటికీ రంగులద్దాలని ప్లాను. బయటికి వచ్చింది మాత్రం ఇదొక్కటే, 2010 జనవరి 30న, డీటీఎస్ సౌండుతో సహా.

అప్పుడు నేను ఎనిమిదో క్లాసు. తెలంగాణ ఉద్యమం రోజులు. రెండు నెలల కింద ఎల్బీనగర్ చౌరస్తాలోనే శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు. ఏ రోజు బంద్ ఉంటుందో, ఏ రోజు బస్సు తిరుగుతుందో తెలీదు. అయినా మా తాత నల్గొండ నుంచి బస్సెక్కి వచ్చేశాడు, రంగుల మాయాబజార్ చూడాలని! చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో నేల టికెట్ మీద ఎన్నిసార్లు చూశాడో ఆయనకే లెక్క లేదు. నాన్న, తాత, నేను ముగ్గురం దిల్‌సుఖ్‌నగర్‌లో చూశాం.

అప్పట్లో పెద్దవాళ్ళ మధ్య గొడవంతా రంగు గురించే. మార్కస్ బార్ట్‌లే తెర మీద సృష్టించిన వెన్నెలకి నీలం పూస్తారా అని ఒక వర్గం. రంగు లేకపోతే ఈ తరం పిల్లలు చూడరండీ అని ఇంకో వర్గం. నన్నడిగితే ఇద్దరి మాటలోనూ నిజముంది. నిజం వెన్నెల్లో మన కంటికి రంగులు దాదాపు కనబడవు, అన్నీ బూడిద రంగులోనే ఉంటాయి. కాబట్టి ఆ నౌకా విహారం పాటకి నలుపు తెలుపే అసలైన రంగు అనొచ్చు. కానీ ఆ రంగులే లేకపోతే ఎనిమిదో క్లాసు పిల్లాడిని, నేను ఆ హాల్లో మూడు గంటలు కూర్చునేవాణ్ణి కాదు. ఇదీ ఒప్పుకోవాలి.

ఇంటర్వెల్లో మా తాత మొహం చూస్తే ఏదో తేడాగా ఉంది. సినిమా అయిపోయాక నాన్నని అడిగాడు. "రంగు మంచిగనే ఉంది గానీ, 'భళి భళి' పాట ఏడ పోయిందిరా?"

నాన్నకి తెలీదు. నాకైతే అలాంటి పాట ఒకటుందనే తెలీదు. తీసేశారు. మాధవపెద్ది సత్యం గారు పాడిన ఆ పాటే కాదు, 'చూపులు కలసిన' పాటా లేదు, పద్యాలు చాలావరకు లేవు. నాణ్యత కోసం, నిడివి కోసం అని కారణం చెప్పారు. నాకు తర్వాత అర్థమైన లెక్క ఇంకోటి ఉంది. సెకనుకి 24 ఫ్రేములు. మూడు గంటలకి 2,59,200. నాలుగు నిమిషాల పాట ఒకటి తీసేస్తే 5,760 ఫ్రేములకి రంగులేసే పని తప్పుతుంది. డెడ్‌లైన్ దగ్గర పడితే స్కోప్ తగ్గించడం మనకి కొత్తా చెప్పండి?

ఇప్పుడు నాకు అసలు విషయం అనిపించేది చెప్తాను. రంగులద్దడంలో మామూలుగా పాత బొమ్మలోని వెలుగునీడల విలువలు ఉంచి, వాటి మీద రంగు విలువలు కలుపుతారు. కలర్ ప్రసారాలు పాత నలుపు తెలుపు టీవీల్లో కూడా వచ్చింది ఈ రెండూ విడివిడిగా పంపడం వల్లే. అంటే మీ టీవీలో కలర్‌ని జీరోకి తగ్గించేస్తే బార్ట్‌లే గారు దాదాపుగా తిరిగొచ్చేస్తారు. అదే కోసేసిన పాట.. ఏ బటన్ నొక్కినా రాదు. మనవాళ్ళు వెనక్కి తిప్పుకోగలిగిన మార్పు మీద జుట్టూజుట్టూ పట్టుకుని, తిప్పుకోలేని దాన్ని పెద్దగా పట్టించుకోకుండా వదిలేశారు.

ఇది మన ఒక్కరి కథే కాదు. 'మొఘల్-ఎ-ఆజమ్' (1960) 2004లో రంగుల్లో వచ్చినప్పుడు అదీ కురచ అయింది. కాకపోతే దానికో సాకుంది, కె.ఆసిఫ్ బతికున్నప్పుడే కొన్ని రీళ్ళు రంగుల్లో తీశాడు. కె.వి.రెడ్డి గారు 1972లోనే పోయారు. ఆయన్ని అడిగేవాళ్ళెవరు?

అమెరికాలో ఇంకా తమాషా. అక్కడ 1980ల్లో టెడ్ టర్నర్ పాత సినిమాలకి రంగులేస్తుంటే, జార్జ్ లూకాస్ 1988లో వాళ్ళ కాంగ్రెస్ ముందుకెళ్ళి, పాత సినిమాలని మార్చకూడదని గట్టిగా మాట్లాడాడు. ఆ ఏడాదే వచ్చిన చట్టంలో, జాతీయ జాబితాలోకెక్కిన సినిమాని మారిస్తే ఆ సంగతి లేబుల్ మీద చెప్పాలని పెట్టారు. తొమ్మిదేళ్ళు తిరక్కుండా, 1997లో, అదే లూకాస్ తన 'స్టార్ వార్స్'లో ముందు ఎవరు కాల్చారన్నదే మార్చేశాడు! ఆ గొడవ ఫ్యాన్స్ ఇప్పటికీ ఆపలేదు. స్పీల్‌బర్గ్ నయం. 2002లో 'ఈటీ'లో పోలీసుల తుపాకులు తీసి వాకీటాకీలు పెట్టి, తర్వాత తప్పు చేశానని ఒప్పుకుని పాతదే మళ్ళీ ఇచ్చాడు.

మన చట్టం సంగతి చూస్తే, కాపీరైట్ లెక్కలో సినిమాకి కర్త నిర్మాతే, దర్శకుడు కాదు. 2025 ఆగస్టు 1న 'రాంఝణా' తమిళ రూపాన్ని ఏఐతో ముగింపు మార్చి, చనిపోయిన హీరోని బతికించి విడుదల చేశారు. దర్శకుడు ఆనంద్ ఎల్.రాయ్, హీరో ధనుష్ ఇద్దరూ మొత్తుకున్నారు. సినిమా ఆగలేదు. ఇంకోటి. మన దేశంలో సినిమా మీద కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1957 సినిమాకి ఆ గడువు 2017తో అయిపోయింది (మాటలు, పాటలు రాసినవాళ్ళ హక్కుల లెక్క వేరే). రేపెవడో లాప్‌టాప్‌లో శశిరేఖ చీర రంగు మార్చినా, ఘటోత్కచుడికి కొత్త డైలాగులు పెట్టినా సినిమా హక్కుల పేరుతో ఆపే నాథుడు లేడు.

మార్చొద్దని నేను అనను. అంటే ఎవడు వింటాడు? కనీసం చేంజ్‌లాగ్ పెట్టండి. ముహూర్తం షాట్ నుంచి కొబ్బరికాయ దాకా అందరికీ టైటిల్స్‌లో థాంక్స్ చెప్పేవాళ్ళు, 'ఈ ప్రతిలో ఫలానా పాటలు, పద్యాలు లేవు' అని ఒక్క కార్డు వేయలేరా? పాత ప్రతిని కూడా అంతే శుభ్రం చేసి పక్కన పెట్టలేరా? మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింటే మిగల్లేదు. బ్యాకప్ లేకుండా ప్రొడక్షన్‌లో చెయ్యి పెడితే ఏమవుతుందో మన ఫీల్డులో వాళ్ళకి నేను చెప్పాలా.

నేను 'భళి భళి' పాట మొదటిసారి విన్నది 2019లో, ఉద్యోగంలో చేరాక, ఒక శనివారం రాత్రి నలుపు తెలుపు ప్రతి పూర్తిగా చూసినప్పుడు. తొమ్మిదేళ్ళ పాటు మాయాబజార్ నాకు కంఠతా అనుకున్నాను! తాతకి ఫోన్ చేద్దామంటే అప్పటికి ఆయన పోయి మూడేళ్ళు.

ఆయన పెట్టెలో ఆ సినిమా పాత వీసీడీ సెట్టు దొరికింది. ఇప్పుడు నా దగ్గరే ఉంది. రెండో డిస్కు మీద గీతలు పడి ప్రియదర్శిని సీను దగ్గర ఆగిపోతోంది. మీ ఇంట్లో గనక ఉంటే పాతసామాను వాడికి వెయ్యకండి, ఓ మాట చెప్పండి, నేనే వచ్చి కాపీ చేసుకుంటా.